యంత్రము మానవునకు ప్రతినిధి కాగలదా?



గడచిన కార్తికమాసములో ఒక వేదపాఠశాల నిర్వాహకులు మా యింటికి వచ్చి, ఒక విషయమున మా అభిప్రాయము నడిగిరి. వారి పాఠశాలలో పదునొకండుగురు విద్యార్థులు, ఒక్క అధ్యాపకుడు. ఆయనకిచ్చు సంభావన స్వల్పము. అదియును నెలనెల సమకూరుట కష్టముగా నున్నదట. "శాస్త్రిగారూ, ఇప్పుడొక యంత్రం వచ్చిందంటున్నారు. అది సంథ చెబుతుందట. పిల్లవాడు పలికింది విని ఎక్కడ స్వరం తప్పిందో చూపుతుందట. దానికి జీతం లేదు, సెలవు లేదు, విసుగు లేదు. అధ్యాపకులను పంపివేసి దాన్ని పెట్టుకుంటే శాస్త్రం ఒప్పుకుంటుందా?" అని వారి ప్రశ్న. వారు పరిహాసమున కడిగినవారు కారు. ఆ పాఠశాల మూతపడకుండుటకు తమ పొలము తాకట్టు పెట్టినవారు. కావున వెంటనే బదులు చెప్పక పదునైదు దినములు గడువు కోరితిమి. వారికి చెప్పిన సమాధానమునే నేడు మీ యెదుట కొంత విస్తరించి చెప్పుచున్నాము.

మొదట ఆ యంత్రమెట్టిదో తెలిసికొందము. 1956లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కొందరు శాస్త్రజ్ఞులు కృత్రిమమేధ యను పేరుతో సమావేశము జరిపిరి. 1997లో చదరంగమున జగజ్జేత యైన కాస్పరోవ్‌ను ఒక యంత్రము జయించెను. 2022 నవంబరులో చాట్ జీపీటీ యను పేర మాటలాడు యంత్రము సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది. మా మనుమడు వివరించగా మాకు తెలిసిన దేమనగా: అసంఖ్యాకములైన గ్రంథములను, వ్రాతలను ఆ యంత్రమునకు చూపుదురు. ఏ మాటల వెనుక ఏ మాట వచ్చుట సంభావ్యమో అది లెక్కగట్టి నేర్చుకొనును. ప్రశ్న వేసినచో ఆ లెక్క ననుసరించి మాట వెంట మాట పేర్చును.

వాక్యమునుండి అర్థము కలుగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును కావలెనని మన తార్కికులు చెప్పుదురు. ఒక పదము మరియొక పదమును కోరుట ఆకాంక్ష. ఎడము లేక పలుకుట సన్నిధి. ఈ రెంటియందును ఆ యంత్రము మహాపండితుడే. చిక్కంతయు యోగ్యతలో నున్నది. నిప్పుతో తడుపుచున్నాడనిన వ్యాకరణమునకు లోపము లేదు. లోకములో అట్టి పని లేదు. లోకమును చూడక మాటలను మాత్రమే చూచినవానికి ఈ భేదము ఒక్కొక్కప్పుడు అందదు. వక్త యొక్క ఉద్దేశమైన తాత్పర్యమును నాలుగవదిగా చెప్పినవారును గలరు. ఆ యంత్రమునకు ఉద్దేశమే లేదు గనుక ఆ మాట యెత్తనక్కరలేదు.

మేమును దానిని పరీక్షించితిమి. అన్నదానమును స్తుతించు ఒక పురాణశ్లోకమును అధ్యాయసంఖ్యతో సహా చెప్పుమని మా మనుమనిచేత అడిగించితిమి. అడిగిన మరుక్షణమే శ్లోకము వచ్చినది. ఛందస్సు ఒకచోట కుంటినను అర్థము చక్కగా నున్నది. పురాణము పేరు, అధ్యాయము, శ్లోకసంఖ్య అన్నియు నున్నవి. రెండు దినములు ముద్రితగ్రంథములను తిరుగవేసితిమి. అట్టి శ్లోకము లేదు! ఆ మాట చెప్పించగా మిక్కిలి వినయముతో క్షమాపణ కోరి మరియొక శ్లోకమిచ్చినది. అదియు లేదు. అది అబద్ధమాడినదనుటకు వీలు లేదు. అబద్ధమాడుటకు నిజము తెలిసియుండవలెను గదా.

అయినను దీనిని చూచి నవ్వి ఊరకుండుట సరికాదు. నేడు తప్పినది రేపు తప్పకపోవచ్చును. తప్పులను పట్టుకొని గెలిచితిమనుకొన్నవాడు, ఆ తప్పులు దిద్దబడిన దినమున నోరు మూసికొనవలసివచ్చును. మరియు లెక్కలు వ్రాసి, అనువాదములు చేసి, కచేరీలలో కాగితపు పనిచేసి పొట్టపోసికొనువారి కూటికి దీనివలన ముప్పు గలదు. వారి కష్టమును వేదాంతవాక్యములతో కప్పిపుచ్చుట మాకు సమ్మతము కాదు.

ఇంకొక మాట. సంస్కృతమే కంప్యూటరులకు సర్వోత్తమభాషయని అమెరికా అంతరిక్షపరిశోధనసంస్థ ప్రకటించినదని సభలలో చెప్పుచుందురు. మేమును ఒకప్పుడు చెప్పితిమి. నిజమునకు జరిగినది, 1985లో రిక్ బ్రిగ్స్ అను శాస్త్రజ్ఞుడు ఒక పత్రికలో వ్యాసము వ్రాయుట. మన వైయాకరణులు వాక్యార్థమును విడదీసి చెప్పు పద్ధతికిని, యంత్రములలో జ్ఞానమును పొందుపరచు పద్ధతికిని సామ్యమున్నదని ఆయన చూపెను. అది గొప్ప పరిశీలన. దానిని సంస్థ ప్రకటనగా మార్చుట మన తొందరపాటు. లేని శ్లోకమును సృష్టించిన యంత్రమును నిందించు మనము, లేని ప్రకటనను సృష్టింపరాదు.

ఇక విషయమునకు వత్తము. యంత్రమునకు బుద్ధి యుండునా యని పాశ్చాత్యులు కలవరపడుచున్నారు. వేదాంతము చదివినవారికి ఇందు ఆశ్చర్యము లేదు. మనస్సు, బుద్ధి, చిత్తము, అహంకారము అను అంతఃకరణము జడమని మన శాస్త్రముల నిశ్చయము. అది ప్రకృతికార్యము. చైతన్యము ప్రతిఫలించుటచే వెలుగుచున్నది గాని తనంత వెలుగునది కాదు. బుద్ధి జడమైనప్పుడు, బుద్ధి చేయు పనులలో కొన్ని జడమైన యంత్రము చేసిన నేమి వింత? బుద్ధియే తానని నమ్మినవానికి మాత్రమే యంత్రము భయము గొల్పును. ఈ మాట చెప్పుట సులభము. మా ధారణాశక్తిని చూచి సభలలో శాలువలు కప్పినప్పుడెల్ల మేమును ఆ బుద్ధినే "మేము" అనుకొని పొంగితిమి.

పూర్వపక్షి ఇచట మిక్కిలి బలమైన ప్రశ్న వేయును. "మీరు వేలయేండ్లుగా చేయుచున్నదేమి? పసిబాలుని కూర్చుండబెట్టి, అర్థము చెప్పక, అక్షరము తప్పకుండ, స్వరము తప్పకుండ పలికించుచున్నారు. మనిషిని యంత్రముగా మార్చుటయే గదా మీ విద్య! నిజమైన యంత్రము వచ్చిన తరువాత మీతో పనియేమి?" అని.

ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. వికృతిపాఠములను చూడుడు. మూడు పదములు వరుసగా నున్నవనుకొందము. ఘనపాఠములో వానిని 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అను క్రమమున చెప్పవలెను. తరువాత ఒక పదము ముందునకు జరిగి మరల అదే క్రమము. ఈ రీతిగా, మొదలు చివరలయందు తప్ప, ఒక్కొక్క పదము 13 మారులు నోట మెదలును. ఎక్కడైన అక్షరము జారినచో వెనుకకు ముందునకు తిప్పునప్పుడు పట్టుబడును. ఇది దోషనివారణకై పెద్దలు పన్నిన ఉపాయము. సంధిని, స్వరమును గూర్చిన నియమములు చెప్పినచో పదపాఠమునుండి ఘనమును కట్టుట యంత్రమునకు అసాధ్యము కాదు. మాకు ఏండ్లు పట్టినది దానికి నిమిషము పట్టదు.

ఇంకను చెప్పుదుము. మాకు పైవరుసలో ముందుపండ్లు లేవు. కట్టుడుపండ్లతో దంత్యవర్ణములు పలుకునప్పుడు తకారము జారిపోవుచున్నది. వర్ణము, స్వరము, మాత్ర, బలము, సామము, సంతానము అని శిక్షాశాస్త్రము చెప్పిన ఆరింటిలో మొదటిదానియందే మేము నేడు లోపము గలవారము. ఉచ్చారణమాత్రమును తూచినచో ఆ యంత్రము మాకంటె మేలైన గురువు. ఈ మాట నిర్వాహకులకు దాచక చెప్పితిమి.

అట్లయిన యంత్రమును మనిషికి బదులుగా పెట్టవచ్చునా? ఈ "బదులు" అను మాటను మన మీమాంసకులు ఊరక విడువలేదు. జైమినిమహర్షి పూర్వమీమాంసాదర్శనములో ఆరవ అధ్యాయము మూడవ పాదమున ప్రతినిధిని గూర్చి విపులముగా విచారించెను. ఒకదానికి బదులుగా మరియొకటి ఎప్పుడు పనికివచ్చును, ఎప్పుడు పనికిరాదు అనునదే యచ్చటి చర్చ. యజ్ఞమునకు వ్రీహిధాన్యము కావలెను. దొరకలేదు. అంతమాత్రమున కర్మ మానరాదు, నివ్వరిధాన్యము తేవచ్చును. అది వ్రీహిని పోలియుండుట అందులకు హేతువు. అయితే పోలిక యున్నంత మాత్రమున చాలదు. మినుములు మొదలగునవి యజ్ఞార్హములు కావని నిషేధముండుటచే, ఎంత పోలిక యున్నను వానిని తేరాదు.

మరియు ముఖ్యమైనది దొరకనప్పుడే ప్రతినిధి. నివ్వరి తెచ్చుకొన్న పిదప వ్రీహి లభించినచో వ్రీహినే గ్రహింపవలెనని నిర్ణయము. ఇది నిర్వాహకులవారి ప్రశ్నకు సూటిగా తగులుచున్నది. వారికి గురువు దొరకకపోలేదు. అదే అరుగుమీద కూర్చుండి సంథ చెప్పుచునే యున్నాడు. ఆయనకు సంభావన చాలుట లేదు, అంతియే. ముఖ్యము ఎదుట నుండగా ప్రతినిధికి ప్రసక్తి యెక్కడిది?

ఆ విచారణలో ఇంకను లోతైన భాగమున్నది. ద్రవ్యమునకు ప్రతినిధి కలదు. దేవతకు లేదు, అగ్నికి లేదు, మంత్రమునకు లేదు. యజమానునకును లేదు. ఋత్విక్కులను దక్షిణ యిచ్చి తెచ్చుకొనవచ్చును. కాని ఎవడు సంకల్పము చేసెనో, ఎవని ద్రవ్యము త్యాగము చేయబడుచున్నదో, ఎవనికి ఫలము చెందునో వాని స్థానమున మరియొకని కూర్చుండబెట్టుటకు వీలులేదు. అనేకులు కలిసి చేయు సత్రయాగములో ఒక యజమానుడు నడుమ మరణించినచో సంఖ్య పూరించుటకు మరియొకని చేర్చుదురు. అట్లు చేరినవాడును పనివాడే గాని స్వామి కాడని, ఫలము వానికి లేదని సిద్ధాంతము.

ఇట ఒక శంక. శ్రీరామచంద్రమూర్తి అశ్వమేధమున సీతాదేవికి బదులుగా బంగారుప్రతిమను ఉంచెనని రామాయణము ఉత్తరకాండలో నున్నది గదా, పత్ని స్థానమునకు ప్రతినిధి కలిగినట్లే కాదా యని. పెద్దలు దీనికి పలువిధముల సమాధానములు చెప్పిరి. మాకు తోచినది ఇది. వేరొక స్త్రీని వివాహమాడియుండిన ఆ స్థానము నిండిపోయెడిది. ప్రతిమ నుంచుటచే ఆ స్థానము సీతదేనని, సీత యక్కడ లేదని సభకంతకు తెలిసినది. ఆ బంగారుబొమ్మను చూచి సీత వచ్చినదని ఊరడిల్లినవాడు అయోధ్యలో ఒక్కడును ఉండడు.

కావున మనిషి స్థానమున యంత్రము నిలుచునా యని గుండుగుత్తగా అడిగినచో బదులు చెప్పలేము. మనిషి ఏ స్థానమున నున్నాడో విడదీసి అడుగవలెను. ద్రవ్యమువలె, సాధనమువలె వాడబడుచున్నచోట యంత్రము వచ్చును, ఇప్పటికే వచ్చినది. స్వామిగా నున్నచోట రాదు. ఇక నడుమ ఋత్విక్కు స్థానము మిగిలినది. చిక్కు అచటనే.

యజ్ఞములో బ్రహ్మ యను ఋత్విక్కు గలడు. హోత ఋక్కులు చెప్పును, అధ్వర్యుడు ఆహుతులు వేయును, ఉద్గాత సామము పాడును. బ్రహ్మ దక్షిణదిక్కున మౌనముగా కూర్చుండును. ఖర్చు తగ్గించుకొనదలచిన ధర్మకర్త ఎవడైన యజ్ఞశాలకు వచ్చినచో మొట్టమొదట తీసివేయదగినవాడు ఆయనయే. పైకి చూచుటకు ఆయన చేయు పని లేదు! కాని ఛాందోగ్యోపనిషత్తు యజ్ఞమునకు వాక్కు, మనస్సు అని రెండు మార్గములు చెప్పి, మిగిలినవారు వాక్కుతో ఒకదానిని, బ్రహ్మ మనస్సుతో రెండవదానిని నిలుపుచున్నారని చెప్పినది. ఎక్కడ దోషము దొరలినను అది ఆయన మనస్సునకు తగులవలెను, ఆయన ప్రాయశ్చిత్తము చేయవలెను. దోషమును కనుగొనుట యంత్రము చేయును. దోషము తనకు తగులుట వేరు.

త్వష్ట కథ మీరెరుగుదురు. తన కుమారుడైన విశ్వరూపుని ఇంద్రుడు చంపెనని కోపించి, ఇంద్రుని చంపువాడు పుట్టవలెనని త్వష్ట హోమము చేసెను. "ఇంద్రశత్రు" యను పదములో ఉదాత్తము చివర నుండవలసియుండగా మొదట పడినది. ఇంద్రుని చంపువాడను అర్థము పోయి, ఇంద్రునిచే చంపబడువాడను అర్థము వచ్చినది. వృత్రుడు పుట్టెను, ఇంద్రుని చేతిలో హతుడయ్యెను. ఒక్క స్వరమునకు ఒక కొడుకు పోయిన తండ్రి రెండవవానినిగూడ పోగొట్టుకొనెను. పలికినవాడు త్వష్ట. అనుభవించినవాడు త్వష్ట. ఆ స్వరదోషమును యంత్రము చేసియుండిన, అనుభవించువాడెవడు?

ఇది పురాణకాలపు ప్రశ్న కాదు. 2023లో అమెరికాలోని న్యూయార్కు నగరమున ఇద్దరు న్యాయవాదులు యంత్రము చెప్పిన పూర్వపు తీర్పులను తమ వాదములో ఉదహరించిరి. ఆ తీర్పులు ఎన్నడును వెలువడినవి కావు, యంత్రము కల్పించినవి. న్యాయస్థానము 5,000 డాలర్ల జరిమానా విధించినది. ఎవరికి? న్యాయవాదులకు, వారి సంస్థకు. యంత్రమునకు విధించిన ప్రయోజనమేమి? అట్లే 2024లో ప్రోటీనుల ఆకృతిని యంత్రమేధచే కనుగొనిన పనికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానములో సగము దక్కినది. అదియు ఇద్దరు మనుష్యులకే యిచ్చిరి. దండనమైనను సన్మానమైనను పుచ్చుకొనుటకు ఒకడు ఉండవలెను. స్వతంత్రుడే కర్తయని పాణిని లక్షణము చెప్పెను. చేయుటకు, మానుటకు, వేరొక విధముగా చేయుటకు శక్తి గల పనులయందే విధినిషేధములు పొసగునని శంకరభగవత్పాదులు సూత్రభాష్యమున సూచించిరి. మానుటకు శక్తి లేనిది చేసినను, అది చేసినట్లు కాదు.

పూర్వపక్షి వేసిన ఆక్షేపణకు ఇచట సమాధానము దొరకుచున్నది. మేము బాలుని యంత్రమువలె పలికించుచున్నమాట నిజము. కాని ఆ బాలుడు ప్రతిదినము తెల్లవారుజామున లేవకపోవచ్చును. సంథకు కూర్చుండకపోవచ్చును. లేచి కూర్చుండుచున్నాడు. ఆ పదునొకండుగురిలో ఇద్దరు రెండుమారులు పారిపోయి తమంత తామే తిరిగివచ్చిరని అధ్యాపకుడు చెప్పెను. తన శాఖను అధ్యయనము చేయుమన్న విధి వారికి గాని మరియొకదానికి కాదు. 2003లో యునెస్కో మన వేదపఠనసంప్రదాయమును మానవజాతి మౌఖికవారసత్వములలో ఉత్కృష్టమైన దానిగా ప్రకటించినప్పుడు గూడ, గౌరవము పొందినది నోటినుండి చెవికి నడచుచున్న పద్ధతి. టేపులలో నున్న ధ్వని కాదు.

నిర్వాహకులకు మేము చెప్పిన దేమనగా, యంత్రమును కొనుడు. రాత్రి వల్లె వేయునప్పుడు, గురువు నిద్రించునప్పుడు, తప్పు చూపుటకు పనికివచ్చును. సంథ మాత్రము గురువే చెప్పవలెను. ఆయన సంభావన పెంచుడు. యంత్రమునకు పెట్టదలచిన ధనములో సగము చాలును. మా మాట వారికి పూర్తిగా రుచించెనని చెప్పజాలము. లెక్క చూచుకొని చెప్పెదమని వెళ్ళిరి. సంక్రాంతికి విచారించగా అధ్యాపకుడు ఉన్నాడని తెలిసినది. యంత్రము కూడ వచ్చినదట. ఉగాది తరువాత ఏమగునో.

వారు లేచి పోవునప్పుడు, "తప్పు చూపేది ఒకటి ఉన్నప్పుడు గురువు దేనికండీ?" అని వారిలో ఒకరు మరల అడిగిరి. అప్పుడు మా గురువుగారి సంగతి చెప్పితిమి.

1974 వైశాఖమాసము. మేము అధ్యయనము ముగించి ద్రాక్షారామసమీపమున ఒక గ్రామములో ఉంటిమి. మిట్టమధ్యాహ్నము మా గురువుగారు కోనసీమనుండి కోటిపల్లి రేవు దాటి నడచివచ్చి మా అరుగుమీద కూర్చుండిరి. అప్పటికి వారికి డెబ్బది దాటినవి. కాళ్ళు కడుగుకొనుటకు నీరు తెచ్చునంతలోనే "ఫలానా అనువాకం చెప్పు" అనిరి. చెప్పితిమి. ఒక పదమువద్ద చేయి యెత్తి ఆపిరి. అందొక అక్షరమును స్వరితముగా పలుకవలసియుండగా అనుదాత్తముగా పలుకుచుంటిమి. అది మా తప్పు కాదు. మాకు సంథ చెప్పిన సంవత్సరము వారు జ్వరమునుండి లేచినవారు; ఆ ఒక్కచోట పొరపాటు దొరలినది. పదునాలుగేండ్ల పిమ్మట ఒక సభలో మరియొక ఘనపాఠిగారు పలుకగా విని సందేహించి, పదపాఠముతో సరిచూచుకొని, తమ తప్పును తెలిసికొనిరి. సహస్రగాయత్రి చేసికొని మూడవనాడు బయలుదేరిరి. ఆ అనువాకమును మాకు చిన్నపిల్లలకు చెప్పినట్లు మరల సంథ చెప్పిరి. తాము ఒకసారి, మేము రెండుసార్లు. మూడు ఆవృత్తులు సరిగా వచ్చిన తరువాత గ్లాసెడు మజ్జిగ పుచ్చుకొని లేచిరి.

ఎండ చల్లబడినదాక ఉండి, భోజనము చేసి వెళ్ళవలసినదిగా మా తల్లిగారు ప్రార్థించిరి. "ఆ యేడు నా దగ్గర చెప్పుకున్నవాళ్ళు ఇంకా ఇద్దరున్నారమ్మా. ఒకడు రాజమహేంద్రవరంలో, ఒకడు తునిలో. వాళ్ళ నోట ఆ తప్పు ఇంకా తిరుగుతోంది" అని గొడుగు తీసికొని బాట పట్టిరి.